మందు

ఏటూరునాగారం మిర్చి చేలలో రైతు “మందు కొట్టాలె” అంటే పురుగుమందు అనే అర్థం. మాట ద్రావిడ మూలానిది: తమిళంలో మరుందు, కన్నడంలో మద్దు. రోగం కుదిర్చేదీ, తుపాకిలో దట్టించేదీ, సీసాలో తాగేదీ అన్నీ మందే. మేలునూ కీడునూ విడదీసేది మోతాదు.

ఆ మోతాదుకు చట్టం అంకె వేసింది. పంటలో మిగలదగిన మందుకు ‘గరిష్ఠ అవశేష పరిమితి’ అని పేరు. విడిగా పరిమితి నిర్ణయించని మందుకు మన దేశంలో సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు, యూరప్‌లోనూ అంతే. అంటే పది కోట్ల వంతుల్లో ఒక్క వంతు.

రైతన్నలారా, డబ్బా మీది మోతాదు దాటకండి. చివరి పిచికారీ తర్వాత చెప్పినన్ని రోజులు ఆగాకే కాయ కోయండి. తినేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు.