బండి కింది మరక: రంగును నమ్మిన కాలం

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకు మొదటి వారంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. పొద్దున బండి తీశాక నేల మీద మరక కనిపిస్తుంది. అదేమిటి, ఎక్కడినుంచి పడింది, ఎంత భయపడాలి? విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, హైదరాబాద్‌లో ఏ వీధి చివరి షెడ్డులో అడిగినా ముందు రంగు గురించే విచారిస్తారు. ఎర్రగా ఉంటే గేరుబాక్సో పవర్ స్టీరింగో, పచ్చగా ఉంటే రేడియేటర్, నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, రంగూ వాసనా లేకపోతే ఏసీ నీళ్లు. ఈ పాఠం ఎంత తేలిగ్గా నోటికి వస్తుందంటే, ఆ ద్రవాలు పుట్టుకతోనే ఆ రంగులు తెచ్చుకున్నాయనిపిస్తుంది. నిజానికి ఆ ఎరుపూ ఆ పచ్చా మనుషులు కలిపినవే. 20వ శతాబ్దం మధ్యలో కంపెనీలు చేసుకున్న ఏర్పాటు అది. కొన్ని దశాబ్దాలు బాగానే అక్కరకు వచ్చి, 1990ల నుంచి చెదిరిపోయింది. లీకు పుట్టినచోటును పట్టుకునే పద్ధతి ఆ రంగుల కంటే, అసలు మోటారు బండి కంటే కూడా పాతది. చేతులు మారిన బండికి దానినే నమ్ముకోవాలని నా వాదన.

తొలి రోజుల మోటార్లలో నూనె కారడం లోపాల లెక్కలోకే రాలేదు. చాలా ఇంజిన్లలో నూనె చుక్కచుక్కగా బేరింగుల మీద పడి, పని అయ్యాక బయటికే పోయేది. ఇంజిన్ అడుగునున్న ఛాంబర్‌లో నూనె నిలవ ఉంచి తిప్పే పద్ధతి వచ్చాక కూడా అసలు చిక్కు తీరలేదు. క్రాంక్ షాఫ్ట్ ఇంజిన్ గోడ దాటి ఫ్లైవీల్ దాకా రావాలి, ఆగకుండా తిరగాలి, ఆ సందులోంచి నూనె మాత్రం రాకూడదు. దానికోసం ఫెల్టు చుట్టారు, గ్రాఫైట్ పట్టించిన ఆస్‌బెస్టాస్ తాడు కూరారు. కొన్నిటిలో షాఫ్ట్ మీదనే మరలాంటి గాడి కోసి, తిరిగేకొద్దీ నూనెను లోపలికి నెట్టేలా చేశారు. ఆ గాడి ఇంజిన్ తిరిగినంతసేపే పనిచేస్తుంది. బండిని ఏటవాలులో ఆపితే నూనెకు అడ్డు ఉండదు. అంబాసిడర్ చాలా ఏళ్లు మోసిన బీఎంసీ బీ-సిరీస్ మూడు బేరింగుల ఇంజిన్ ఈ కోవలోదే. 1948లో వచ్చిన ల్యాండ్ రోవర్ ఇంకా స్పష్టమైన సాక్ష్యం ఇస్తుంది. దాని ఫ్లైవీల్ గూడు అడుగున ఒక రంధ్రం ఉంటుంది. లోతు నీళ్లు దాటేటప్పుడు మాత్రమే దానికి బిరడా బిగించాలి, మిగతా వేళల్లో తీసి ఉంచాలి. లోపలికి చేరిన నూనె క్లచ్ ప్లేటుకు అంటకుండా నేలపాలు కావడానికే ఆ ఏర్పాటు. అంటే చుక్క పడుతుందని తయారుచేసినవాళ్లే ఒప్పుకొని దానికి దారి చూపారు. అలాంటి బండి కింద మరక చూసిన వెంటనే ఇంజిన్ దించమనడం, ఆ బండి పుట్టిన కాలం తెలియక చెప్పే తీర్పు అవుతుంది.

లీకును లోపంగా చూసే అలవాటు మంచి సీలు దొరికాకే వచ్చింది. అందులో ముఖ్యమైన ఘట్టం ఒక తోళ్ల కార్ఖానాలో జరిగింది. జర్మనీలోని వైన్‌హైమ్‌లో 1849 నుంచి తోళ్లు ఊనుతున్న ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ, 1929 ఆర్థిక సంక్షోభంలో బేరం దెబ్బతిని, తోలుతో చేయగల ఇతర సరుకుల వైపు చూసింది. వాల్టర్ సిమ్మర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు రూపకల్పనతో, 1930ల మొదట్లో తోలు అంచున్న సీలును మార్కెట్లోకి తెచ్చింది. పలచని అంచు తిరిగే షాఫ్ట్‌ను తాకుతూ ఉంటుంది, వెనక చిన్న స్ప్రింగు దాన్ని అదిమి పెడుతుంది. తోలు పోయి సింథటిక్ రబ్బరు వచ్చినా ఈ రోజు షెడ్డులో ఆయిల్ సీలు అని అడిగి తెచ్చుకునేది ఆ వంశంలోనిదే. అయితే రబ్బరుకు దాని జబ్బులు దానికున్నాయి. వేడికి గట్టిపడుతుంది, బండి నెలల తరబడి కదలకపోతే అంచు బిగుసుకుపోతుంది. అమ్మకందారు దగ్గర ఆరు నెలలు ఎండలో నిలబడ్డ కారు, కొన్న తర్వాత రోజూ నడపడం మొదలుపెట్టగానే చెమర్చవచ్చు. అమ్మినవాడు దాచాడనుకునే ముందు ఈ అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం న్యాయం.

సీలు మీద నేరం మోపే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి జారే వాయువులు ఛాంబర్‌లో ఒత్తిడి పెంచుతాయి. పాత బండ్లలో ఆ వాయువును ఒక గొట్టం నేల వైపు వదిలేసేది, దాంతోపాటు నూనె ఆవిరీ పోయేది. పొగమంచు కాలుష్యంతో సతమతమైన కాలిఫోర్నియా కోసం 1961 మోడళ్ల నుంచి, 1963 నుంచి అమెరికా అంతటా, ఆ వాయువును తిరిగి ఇంజిన్‌లోకే పంపే వాల్వు పెట్టారు. గాలి శుభ్రం కోసం చేసిన పని లీకుల చరిత్రను కూడా మార్చింది. ఆ దారి మడ్డితో మూసుకుపోతే ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నూనెను తోస్తుంది. టాపెట్ కవర్, డిప్‌స్టిక్ గొట్టం, ముందు సీలు, వెనక సీలు అన్నీ ఒకేసారి తడిసి కనిపిస్తాయి. నాలుగుచోట్ల లీకు అంటే నాలుగు జబ్బులని కాదు. ఈ వాల్వు చూడకుండా సీళ్లన్నీ మార్చితే, కొత్త సీళ్లు కూడా కొద్దికాలానికే కారతాయి.

ఇక రంగుల సంగతి. జనరల్ మోటార్స్ 1949లో ఆటోమేటిక్ గేరుబాక్సు ద్రవానికి టైప్ ఎ అనే ప్రమాణం తెచ్చింది. ఈ తరగతి ద్రవాలకు ఎర్ర రంగు కలపడం ఆచారమైంది. ఇంజిన్ ఆయిల్‌తో పొరబడకుండా ఉండటం, లీకయితే ఎక్కడిదో ఇట్టే తెలియడం దాని ప్రయోజనం. పవర్ స్టీరింగ్‌లోనూ చాలామంది తయారీదారులు అదే ద్రవం వాడటంతో అక్కడా ఎరుపే వచ్చింది. అయితే ఆ ఎరుపు వెనక ఉన్న సరుకు ఎప్పుడూ ఒకటి కాదు. తొలి ద్రవాల్లో స్పెర్మ్ తిమింగిలం నూనె కలిసేది. 1970ల మొదట్లో అమెరికా ఆ నూనెను కట్టడి చేశాక కంపెనీలు కొత్త కూర్పులు వెతుక్కోవాల్సి వచ్చింది. లోపలి పదార్థం మారింది, రంగు మారలేదు. మన దగ్గర ఈ ఎర్ర పాఠానికి ఆధారం ఇంకా సన్నం. ఇక్కడ ఎక్కువ కాలం నడిచినవి చేతి గేర్ల బండ్లు, వాటి గేరు ఆయిల్ తేనె రంగులో ఉండి గంధకం కంపు కొడుతుంది. మన వీధుల్లో ఎర్ర చుక్క అంటే చాలావరకు స్టీరింగ్ ఆయిలే అయ్యేది. కరెంటుతో పనిచేసే స్టీరింగ్ వచ్చిన బండ్లలో ఆ ద్రవమే లేదు.

రంగు ఎంత బలమైన ఒప్పందమో, అది తప్పితే ఎంత నష్టమో చెప్పడానికి సిట్రోయెన్ డీఎస్‌ను మించిన ఉదాహరణ లేదు. 1955లో పారిస్‌లో వెలువడిన ఈ కారులో సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ ఒకే అధిక పీడన ద్రవంతో నడిచేవి. మొదట వాడిన రకాలు తేమను పీల్చుకుని లోపలి భాగాలను తుప్పు పట్టించాయి. అందుకని 1966లో ఖనిజ నూనెతో చేసిన పచ్చని ఎల్‌హెచ్‌ఎం ద్రవానికి మారారు. అంతకుముందు వాడిన ఎర్ర ద్రవపు సీళ్లకు పచ్చది పడదు, పచ్చదాని సీళ్లకు ఎర్రది పడదు. అందుకే కొత్త ఏర్పాటులోని విడిభాగాలకు కూడా పచ్చ రంగు వేశారు. అక్కడ రంగును గౌరవించడం తప్పనిసరి. కానీ అది ఒకే కంపెనీ, ఒకే కారు, ఒకే పుస్తకం మాట. పాత డీఎస్ కొన్నవాడికి లోపల ఏ ద్రవం ఉండాలో రంగు చెబుతుంది. ఇన్నేళ్లలో ఎవరైనా ఏం పోశారో అది చెప్పలేదు. బ్రేకుల చరిత్రలోనూ ఇదే చిక్కు. 1921 డ్యూసెన్‌బర్గ్‌తో నాలుగు చక్రాల హైడ్రాలిక్ బ్రేకులు వచ్చిన తొలినాళ్లలో బ్రేక్ ఆయిల్‌గా వాడింది ఆముదం, ఆల్కహాలు కలిపిన మిశ్రమం. ఆముదం సహజ రబ్బరును పాడుచేయదు, అందుకే దాన్ని ఎంచుకున్నారు. తర్వాత వచ్చిన గ్లైకాల్ ద్రవం వేరు, దానికి తగిన రబ్బరు వేరు. అందులో ఖనిజ నూనె కొంచెం పడినా సీళ్లు ఉబ్బిపోతాయి.

కూలెంట్ విషయంలో ఒప్పందం పూర్తిగా విడిపోయింది. ఇథిలీన్ గ్లైకాల్ ఆధారమైన ద్రవం 1927లో ప్రెస్టోన్ పేరుతో అమెరికా బజారుకు వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కూలెంట్ అంటే పచ్చ అన్నది స్థిరపడింది. 1995లో జనరల్ మోటార్స్ డెక్స్‌కూల్ పేరుతో నారింజ రంగు తెచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ గులాబీకి, ఊదాకు వెళ్లింది. టయోటా ఎరుపు, గులాబీ వాడింది, హోండా నీలం వాడింది. ఇప్పుడు ఎర్ర చుక్క గేరుబాక్సుది కావచ్చు, స్టీరింగ్‌ది కావచ్చు, రేడియేటర్‌దీ కావచ్చు. పైగా సెకండ్ హ్యాండ్ బండిలో పాత యజమాని ఏ సీసా అందితే అది పోసి ఉంటాడు. పచ్చ, గులాబీ కలిసి మట్టిరంగుకు తిరిగినదాన్ని చూసి ఏమని నిర్ణయిస్తాం? తొంభై బండ్లకు రంగు సరిపోతుందిగా, పది బండ్ల కోసం పాఠం వదులుకోవాలా అని అడగవచ్చు. వదులుకోనక్కర్లేదు, తొలి ఊహగా రంగు పనికొస్తుంది. కానీ అది బాగా పనిచేసినప్పుడు కూడా ఏ వ్యవస్థ అన్నదే చెబుతుంది, ఏ చోటు అన్నది చెప్పదు. డబ్బు ఖర్చయ్యేది చోటు తప్పినప్పుడే. టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర ఊరిన నూనె ఇంజిన్ వెనక గోడ వెంట జారి, బెల్ హౌసింగ్ అడుగున చుక్కగా పడుతుంది. చూసేవాళ్లకు అది వెనక క్రాంక్ సీలు లీకులాగే కనిపిస్తుంది. మొదటిదానికి ఒక ప్యాకింగ్ చాలు. రెండోదానికి గేరుబాక్సు దించాలి.

కొనుగోలుదారు ఈ తేడాను ఎందుకు తానే తెలుసుకోవాలో చట్టాల చరిత్రలో ఉంది. అమ్మేవాడికి బండి గుట్టు తెలుసు, కొనేవాడికి తెలియదు అన్న అసమానతనే జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో ఆర్థికశాస్త్ర సిద్ధాంతంగా మలిచాడు. అమెరికాలో 1985 నుంచి డీలర్లు ప్రతి పాత కారుకు అంటించాల్సిన కాగితంలో పెద్ద లోపాల జాబితా ఉంటుంది. అందులో ఇంజిన్ ఆయిల్ లీకును పేర్కొంటూనే, మామూలు చెమ్మను మినహాయించారు. కారడం వేరు, చెమర్చడం వేరు అని ప్రభుత్వమే ఒప్పుకుంది. మన 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలోని 16వ సెక్షన్ కొనేవాడి మీద ఇంకా బరువు పెడుతుంది. ఆ సరుకు వ్యాపారి దగ్గర కొన్నా సరే, ముందుగా పరిశీలించి కొంటే, ఆ పరిశీలనలో తెలియాల్సిన లోపాల గురించి తర్వాత అడిగే హక్కు ఆ సెక్షన్ కింద ఉండదు. అందువల్ల పరిశీలన ఎలా చేశామన్నది మర్యాదకు సంబంధించిన విషయం కాదు.

పద్ధతి ఇది. ఇంజిన్ చల్లారాక గ్రీజు కరిగించే ద్రవంతో కడిగి, ఆరబెట్టి, బండి కొద్ది దూరం నడిపి, కింద తెల్లట్ట పరిచి, టార్చి పట్టుకుని చూడాలి. ద్రవం బరువుకు కిందికి, గాలి తోపుకు వెనక్కి పోతుంది కాబట్టి తడి ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదే మూలం. అమ్మేవాడు ఇంజిన్ కడిగి ఇస్తే దాన్ని చూసి మెచ్చుకుంటాం. కానీ అతడు కడగడంతో పాత సాక్ష్యం పోతుంది. మనం కడిగితే తెలిసిన గంట నుంచి కొత్త సాక్ష్యం మొదలవుతుంది. కూలెంట్‌కు ఇది చాలదు. చాలాసార్లు అది వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే బయటికి వస్తుంది, ఆరిపోయి రంగు పొడిగా మిగులుతుంది. అందుకే చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత దగ్గర చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి, దాని మీటరు ముల్లు పడిపోతుందేమో చూస్తారు. ముల్లు పడుతున్నా బయట తడి లేకపోతే లోపల హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. కూలెంట్ తియ్యని వాసన వేస్తుంది కానీ విషం, కుక్కలు నాకకుండా వెంటనే కడిగేయాలి. చక్రం లోపలివైపు తడి ఉంటే అది బ్రేక్ ఆయిల్ కాదని తేలేదాకా బండి కదిలించకూడదు.

ఇంత శ్రమ ఎందుకు, మెరిసే రంగు పోసి అతినీలలోహిత దీపం వేస్తే చాలు కదా అన్నది చివరి అభ్యంతరం. ఆ దీపం మంచి సాధనమే. కానీ దాని చరిత్ర చూస్తే అదీ ఇదే పద్ధతి అని తెలుస్తుంది. అడాల్ఫ్ ఫాన్ బాయర్ 1871లో తయారుచేసిన ఫ్లోరెసీన్‌ను 1877లో దక్షిణ జర్మనీలో డాన్యూబ్ నదిలో పోశారు. ఇమ్మెండింగెన్ దగ్గర ఆ నది నీళ్లు సున్నపురాతి పగుళ్లలోకి ఇంకిపోయేవి. ఎక్కడ తేలుతున్నాయన్నది ప్రశ్న. సుమారు 10 కిలోల రంగు పోస్తే, 60 గంటల తర్వాత దాదాపు 12 కిలోమీటర్ల దూరంలోని ఆఖ్ ఊటలో పచ్చగా మెరిసింది. అక్కడ తీర్పు చెప్పింది పచ్చదనం ఒక్కటే కాదు. ఎక్కడ పోశారు, ఎప్పుడు పోశారు, ముందు ఆ ఊటలో ఆ రంగు లేదు అన్న మూడు సంగతులు తెలిసి ఉండటం వల్లే దానికి అర్థం వచ్చింది. పచ్చ కూలెంట్‌కు ఆ మెరుపు తరచూ ఇచ్చేది కూడా ఈ ఫ్లోరెసీనే. పాత బండిలో ఇదివరకే ఎవరో రంగు పోసి చూసి ఉంటే, కడగకుండా దీపం వేసినప్పుడు మానిపోయిన లీకు కూడా కొత్తదానిలాగే వెలుగుతుంది. విద్యుత్ కార్లు వచ్చాక ఇంజిన్ ఆయిల్ పోయింది గానీ, బ్యాటరీని చల్లబరిచే కూలెంట్, మోటారు వెనక గేరు ఆయిల్, బ్రేక్ ఆయిల్ మిగిలాయి. వాటి రంగులు కూడా కంపెనీకొకటి. విద్యుత్ కార్లలో చేతులు మారినవి ఇప్పుడిప్పుడే షెడ్డులకు వస్తున్నాయి. అక్కడా ముందు కడిగి, ఆరబెట్టి, గంట నమోదు చేసుకోవాల్సిందే. అయితే బ్యాటరీ పెట్టె దగ్గర నీళ్ల గొట్టం పెట్టడం ప్రమాదం కాబట్టి ఆ కడిగే పనిని ఆ బండ్ల శిక్షణ ఉన్నవాళ్లకే అప్పగించాలి.