కిలో మటన్ ఒక దినారు

ఈసారి చరిత్ర పాఠం మటన్ కొట్టు గురించి. బహ్రెయిన్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు ఆ కొట్టు తెలుసు. అక్కడి ధర వెనక ఉన్న కథ మాత్రం చాలామందికి తెలియదు. ఎప్పటిలాగే చిన్న వాక్యాలతో రాస్తాను. కొత్త మాట వచ్చిన చోట అర్థం చెబుతాను.

2015 సెప్టెంబరు దాకా బహ్రెయిన్‌లో ఆస్ట్రేలియా గొర్రె మాంసం కిలో దాదాపు ఒక దినారు. ఒక దినారు అంటే వెయ్యి ఫిల్సులు. మనామా సెంట్రల్ మార్కెట్లో అయినా, ముహర్రక్‌లో అయినా, జిద్‌హఫ్స్‌లో అయినా అంతే. కొనడానికి వచ్చింది బహ్రెయినీ తాతగారా, మలయాళీ నర్సా, కరీంనగర్ నుంచి వచ్చిన మేస్త్రీయా అని త్రాసు అడగదు. అందరికీ ఒకే ధర. ఇలా అందరినీ సమానంగా చూసే చోట్లు గల్ఫ్‌లో ఎక్కువ ఉండవు. అందుకే ఈ కొట్టు చరిత్ర రాయాలనిపించింది.

మొదట డబ్బు సంగతి. ఇప్పుడు మనం దినారును రూపాయల్లోకి మార్చి లెక్క వేసుకుంటాం. కానీ ఒకప్పుడు బహ్రెయిన్ బజారులో నడిచింది రూపాయే. 1959లో భారత రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు అచ్చు వేసింది. 1965లో బహ్రెయిన్ దినారు వచ్చింది. అప్పటి మారకం ఒక దినారుకు పది రూపాయలు. అంటే అంతకుముందు మనామాలో మాంసం కొన్నవాళ్ళూ, హైదరాబాదులో కొన్నవాళ్ళూ రూపాయలే లెక్కపెట్టి ఇచ్చారు.

డబ్బు కంటే ముందే మాటలు సముద్రం దాటాయి. బహ్రెయిన్‌లో మాంసం కొట్టేవాణ్ణి 'గస్సాబ్' అంటారు. పుస్తకాల అరబీలో అది 'ఖస్సాబ్'. కోసేవాడు అని అర్థం. ఆ మాట ఉర్దూలో 'కసాయీ' అయింది, తెలుగులో 'కసాయి' అయింది. మనం కొట్టును 'దుకాణం' అంటాం. అరబీలో 'దుక్కాన్'. నెలాఖరుకు ఇవ్వాల్సిన డబ్బును 'బాకీ' అంటాం. అరబీలో 'బాకీ' అంటే మిగిలినది. ఈ మూడు మాటలూ వచ్చిన పిల్లవాడు సగం కొట్టును రెండు భాషల్లో చదవగలడు.

ఒక జాగ్రత్త. తెలుగులో 'కసాయి' అంటే దయ లేనివాడు అని కూడా అర్థం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత. అందుకని కొట్టతన్ని ఎదురుగా అలా పిలవకండి. 'అన్నా' అనండి. బహ్రెయిన్‌లో అయితే 'భాయ్' అంటే చాలు.

ఇక కిలో ఒక దినారు ఎలా కుదిరింది? బహ్రెయిన్ చిన్న దీవుల దేశం. ఎడారి నేల. అంతమందికి సరిపడా గొర్రెలు మేసే పచ్చిక అక్కడ లేదు. గొర్రెలు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో, బతికి ఉండగానే వచ్చేవి. ప్రయాణం రెండు వారాలకు పైనే. బహ్రెయిన్ లైవ్‌స్టాక్ కంపెనీ వాటిని తెప్పించి, కోయించి, మాంసాన్ని కొట్లకు ఇచ్చేది. అసలు ఖర్చుకూ అమ్మే ధరకూ మధ్య తేడాను ప్రభుత్వం భరించేది. దీన్ని తెలుగులో 'రాయితీ' అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు 'సబ్సిడీ' అంటారు. రెండూ నేర్చుకోండి.

రాయితీ మాంసం అంటే మన ఇళ్ళలో రెండు అభిప్రాయాలు ఉండేవి. చౌక కదా అని సంతోషం. మేక కాదు కదా అని అసంతృప్తి. మన ఊళ్ళలో మటన్ కొట్టు ముందు మొదటి ప్రశ్న 'మేకదా, పొట్టేలుదా?' పొట్టేలు అంటే మగ గొర్రె. ఆంధ్రలో 'వేట మాంసం' అంటారు, తెలంగాణలో 'యాట కూర' అంటారు. ఇక్కడ 'వేట'కు అడవిలో చేసే వేటతో సంబంధం లేదు. ఆస్ట్రేలియా గొర్రెకు కొవ్వు ఎక్కువ, వాసన వేరు అని అమ్మలు అల్లం వెల్లుల్లి ఇంకాస్త దంచి వేసేవాళ్ళు. డబ్బు ఉన్న వారం భారతదేశం నుంచి విమానంలో వచ్చిన మేక మాంసం కొనేవాళ్ళు. లేని వారం దినారు మాంసమే.

కొట్టించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. తెలుగులో మటన్ 'కోయించం', 'కొట్టిస్తాం'. మొద్దు మీద కత్తితో కొడతారు కాబట్టి ఆ మాట. బహ్రెయినీలు మచ్‌బూస్ అన్నంలోకి పెద్ద ముక్కలు అడుగుతారు. మనకు పులుసులోకి చిన్న ముక్కలు, ఎముకతో కావాలి. 'భాయ్, ఛోటా ఛోటా' అని హిందీలో చెప్పి, పక్కన ఉన్న పిల్లలతో 'మూలుగ బొక్క వేశాడో లేదో చూడు' అని తెలుగులో చెప్పేవాళ్ళు. మూలుగ అంటే ఎముక లోపలి మెత్తని పదార్థం. ఇంకో సంగతి. మన ఊళ్ళో మటన్ ఆదివారం. బహ్రెయిన్‌లో సెలవు శుక్రవారం. అందుకని 'ఆదివారం కూర' అక్కడ శుక్రవారం ఉడికేది.

ఈ ఏర్పాటు ఎంత సన్నని దారం మీద ఉందో 2012లో తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులో 'ఓషన్ డ్రోవర్' అనే ఓడలో వచ్చిన ఆస్ట్రేలియా గొర్రెలకు జబ్బు ఉందని బహ్రెయిన్ దించుకోలేదు. జబ్బు లేదని ఆస్ట్రేలియా వాదించింది. చివరికి 20,000కు పైగా గొర్రెలు కరాచీకి వెళ్ళాయి. అక్కడ కూడా గొడవై, వాటిని చంపి పూడ్చేశారు. ఒక్క ఓడ వెనక్కి తిరిగితే వీధి చివరి కొట్టులో కొక్కేలు ఖాళీ అవుతాయి.

తర్వాత చమురు ధర పడింది. 2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్లు దాటి ఉంది. 2015 సెప్టెంబరుకు యాభై కంటే కిందికి వచ్చింది. బహ్రెయిన్ ఖజానాకు ప్రధాన ఆదాయం చమురే. 2015 అక్టోబరు 1న మాంసం మీద రాయితీ తీసేశారు. ధర రెండింతలు దాటింది. కొందరు కసాయిలు ఆ ధరకు సరుకు తీసుకోమన్నారు. కొనేవాళ్ళూ మానేశారు. మార్కెట్లో బల్లలు ఖాళీగా కనిపించాయి.

రాయితీకి బదులు ప్రభుత్వం నగదు ఇచ్చింది. ఇంటి పెద్దకు నెలకు 5 దినార్లు, మిగతా పెద్దవాళ్ళకు 3.5, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు 2.5. అమ్మా నాన్నా, ఇద్దరు చిన్న పిల్లలూ ఉన్న ఇంటికి మొత్తం 13.5 దినార్లు. కానీ అది పౌరులకు మాత్రమే. 2010 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 12,34,571 మంది ఉంటే, అందులో 6,66,172 మంది పౌరులు కారు. అంటే సగం కంటే ఎక్కువ. మన తెలుగువాళ్ళు అందులోనే ఉన్నారు.

ప్రభుత్వం మాట కూడా వినాలి. ఆ రాయితీలో పెద్ద భాగం హోటళ్ళకూ, బయటి దేశాలవాళ్ళకూ పోతోందని, పౌరుల డబ్బు పౌరులకే చేరాలని వాళ్ళ వాదన. ఏ దేశమైనా అలాంటి లెక్క వేసుకుంటుంది. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. వంద దినార్ల జీతంలో డెబ్బై ఊరికి పంపే మనిషిని తీసుకోండి. ఆ దేశపు మేడలు కట్టిన చేతులు అవే. అతనికి శుక్రవారం మటన్ ఒక్కటే తిండిలో పండగ. అక్టోబరు తర్వాత చాలా గదుల్లో శుక్రవారం కోడి కూర అయింది. నలుగురు కలిసి కిలో కొనే చోట అరకిలో అయింది.

ఇప్పుడు కూడా అదే త్రాసు, అదే ధర. బోర్డు మీద పౌరులకు ఒక రేటు, మనకు ఒక రేటు అని రాయలేదు. తేడా కొట్టు బయట, బ్యాంకు ఖాతాలో ఉంది. అందుకే అది పిల్లలకు కనిపించలేదు.

ఈ వారం పని: మీ ఇంట్లో పెద్దవాళ్ళను మూడు ప్రశ్నలు తెలుగులో అడగండి. మీ చిన్నప్పుడు మటన్ కిలో ఎంత? ఎవరు కొట్టించుకొచ్చేవాళ్ళు? రేటు పెరిగిన నెలలో ఏం వండారు? మూడో ప్రశ్నకు జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆగి వినండి. విన్నది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.