బూడిద కూడా పని చేస్తుంది

గోదావరిఖని, రామగుండం వైపు పెరిగినవాళ్లకి బొగ్గు కాలాక ఏం మిగులుతుందో చెప్పక్కర్లేదు. కరెంటు వెళ్లిపోతుంది, బూడిద ఇక్కడే ఉంటుంది. కానీ ఆ బూడిదతో ఇటుకలు చేస్తారు, వాటితో ఇళ్లు కడతారు. క్యాన్సర్ కణంలో మిగిలే 'బూడిద' కూడా ఊరికే పడి ఉండదని తెలియడానికి మాత్రం సుమారు వందేళ్లు పట్టింది. ఆ కథ మధ్యలో భీమవరంలో పుట్టిన ఒక తెలుగాయన ఉన్నారు.

1920ల్లో జర్మనీలో ఓటో వార్‌బర్గ్ ఒక వింత గమనించాడు. ఆక్సిజన్ ఉన్నా సరే, కణితి చాలా గ్లూకోజ్‌ని పూర్తిగా కాల్చకుండా లాక్టేట్‌గా మార్చి బయటికి పారేస్తోంది. పూర్తిగా కాలిస్తే ఒక్కో గ్లూకోజ్‌కి ముప్పై దాకా ఏటీపీలు రావాలి. ఇలా అయితే రెండే. ఇంజనీరు కంటికి ఇది దండగ డిజైన్. కణం ఊపిరి తీసే యంత్రాంగం చెడిపోవడమే క్యాన్సర్‌కి మూలమని వార్‌బర్గ్ చివరిదాకా నమ్మాడు.

అప్పట్లో కండరం కదలడానికి కారణం లాక్టిక్ ఆమ్లమేనని అనుకునేవారు. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ని కనిపెట్టాక ఆ నమ్మకం కదిలింది. 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని పట్టుకున్నాడు. అసలు ఇంధనం ఫాస్ఫేట్‌లో ఉందని తేలేసరికి లాక్టేట్ వట్టి మిగులైపోయింది.

సుబ్బారావు తర్వాత లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకిచ్చాడు. ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకోనివ్వకుండా కణాన్ని మాడ్చే మందు అది. 1948 జూన్‌లో అచ్చైన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది, కొంతకాలమే అయినా. ఆ ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు.

ఇదంతా తిండి కథ. రెండో కథ ఆజ్ఞలది. 1950ల్లో ఫిషర్, క్రెబ్స్ అనే ఇద్దరు, ఏటీపీలోని ఫాస్ఫేట్ ప్రోటీన్‌కి అతుక్కుంటే దాని పని మారిపోతుందని చూపించారు. అంటే ఇంధనంలోని ముక్కే స్విచ్ కూడా. ఒక రకం ల్యుకేమియాలో ఆ స్విచ్ ఆఫ్ కాకుండా ఉండిపోతుంది. 2001లో వచ్చిన ఇమాటినిబ్, ఆ ప్రోటీన్‌లో ఏటీపీ కూర్చునే చోటే తను కూర్చుని దాన్ని ఆపుతుంది.

2019లో షికాగో విశ్వవిద్యాలయంలోని యింగ్‌మింగ్ ఝావో బృందం ఈ రెండు కథల్నీ ఒకచోటికి తెచ్చింది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకి లాక్టేట్ నుంచి వచ్చిన ముక్క అతుక్కుని, కొన్ని జన్యువుల్ని పనిలోకి దించుతోంది. దీనికి ల్యాక్టిలేషన్ అని పేరు పెట్టారు. 2021లో కంటి మెలనోమాలో ఇదే గుర్తు కణితి పెరగడానికి తోడ్పడుతోందని మరో బృందం చూపింది. వార్‌బర్గ్ చూసిన బూడిద, కణానికి ఏం చెయ్యాలో కూడా చెబుతోందన్నమాట.

అందుకే 'చక్కెర మానేస్తే క్యాన్సర్ చస్తుంది' అనే వాట్సాప్ వైద్యం నాకు భయం. మనం తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తుంది. కణితి గ్లూటమిన్ లాంటి వేరే ఇంధనమూ వాడుకుంటుంది. అసలే చికిత్సతో నీరసించిన మనిషికి ఇంట్లోవాళ్లు తిండి తగ్గిస్తే, ముందు చిక్కిపోయేది ఆ మనిషే.

ల్యాక్టిలేషన్‌ని గురిపెట్టి కొట్టే మందేదీ ఇంకా మామూలు చికిత్సలోకి రాలేదు. అమినాప్టెరిన్‌కి తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ని మాత్రం పిల్లల ల్యుకేమియాకి ఇప్పటికీ ఇస్తున్నారు.