వేదిక వెలుగు, కటకం వేగం

జరుగుతున్న సంగీత సభను ఛాయాచిత్రంలో బంధించే విద్య చరిత్ర, ప్రధానంగా చాలీచాలని వెలుతురుతో కటకాలు సాగించిన పోరాట చరిత్ర. 1925లో జర్మనీలో విపణికి వచ్చిన లైకా కెమెరా చేతిలో ఇమిడేదే అయినా, దాని 50 మిల్లీమీటర్ల కటకం గరిష్ఠ రంధ్రం ఎఫ్3.5 మాత్రమే కావడంతో, వేదికపై దీపాల కాంతి దానికి సరిపోయేది కాదు. నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగించగా వచ్చేదే ఎఫ్ సంఖ్య; అది తగ్గేకొద్దీ లోపలికి చేరే వెలుతురు పెరుగుతుంది. 1930ల ఆరంభంలో జైస్ సంస్థ రూపొందించిన ఎఫ్1.5 సోనార్ కటకం ఆ లైకా కటకానికి అయిదు రెట్లకు పైగా వెలుతురును రాబట్టింది.

వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు విగ్రహాన్ని నిలుపుకున్న విశాఖపట్నంలో కటకం ఎంపిక వేదికను బట్టి మారుతుంది. కళాభారతి వంటి మూసిన మందిరంలో ఫ్లాష్ రసభంగం కలిగిస్తుంది కనుక 85 మిల్లీమీటర్ల ఎఫ్1.8 కటకం అనువైనది; రామకృష్ణా బీచ్‌లోని ఆరుబయటి వేదికకు దూరం ఎక్కువ కనుక 70–200 మిల్లీమీటర్ల ఎఫ్2.8 జూమ్ అవసరమవుతుంది, పైగా ఉప్పుగాలి నుంచి దాన్ని కాపాడుకోవాలి. నికాన్ డీ3 వంటి డిజిటల్ కెమెరాలు 2007 నుంచి ఐఎస్ఓ 6400 వద్ద కూడా, అంటే అతి మందకాంతిలోనూ, మంచి చిత్రాలనిచ్చాయి. అయినా మృదంగంపై కదిలే వేళ్లను స్పష్టంగా నిలిపేందుకు వెడల్పు రంధ్రపు కటకం విలువ నేటికీ తగ్గలేదు.