మరల తెరచిన పంటివేరు

ఒకసారి వైద్యము జరిగి, వేరు పూడ్చబడి, పైన తొడుగు వేయబడిన పన్ను కొన్నియేండ్లు నెమ్మదిగా నుండి, పిమ్మట మరల సలుపు పెట్టుట మనలో కొందరికి అనుభవమే. నరము తీసివేసిన పంటికి నొప్పి యెక్కడిది? దానిని పీకించుకొనవలెనా, లేక మరల తెరపించుకొనవలెనా? ఈ ప్రశ్నకు వైద్యులు వేర్వేరు కాలములందు వేర్వేరు సమాధానములు చెప్పిరి. అందొక సమాధానము వలన లెక్కలేనన్ని పండ్లు వృథాగా పోయినవి. ఆ చరిత్రను మనము సంగ్రహముగా పరిశీలింతము.

పిప్పిపంటిలో పురుగున్నదను నమ్మకము మన గ్రామములకే పరిమితము కాదు. ప్రాచీన బాబిలోనియా మట్టిపలకలపై పంటిపురుగును వెడలగొట్టు మంత్రము కలదు. 1728లో పారిసు నగరమున దంతవైద్యమునుగూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించిన పియర్ ఫోషార్, అట్టి పురుగు తన కెన్నడును కనిపించలేదని చెప్పి, పంటి గర్భములోని చెడిన గుజ్జును తీయు విధానమును వర్ణించెను. 1838లో అమెరికాలో మేనార్డ్ అను వైద్యుడు గడియారపు స్ప్రింగును ఆకురాయితో రాచి, వేరులోనికి దూరు సన్నని పనిముట్టును చేసెను. 1864లో బార్నమ్ అను నాతడు ఉమ్మి తగులకుండ పంటిచుట్టును రబ్బరు తెర కట్టుట నేర్పెను. 1867లో బౌమన్, మలయా ప్రాంతపు చెట్టుపాలనుండి లభించు గట్టాపర్చాతో వేరును పూడ్చెను. నేటికిని వేరును పూడ్చుటకు ముఖ్యముగా వాడుచున్నది ఆ పదార్థమే.

1895లో రాంట్‌జెన్ ఎక్సు కిరణములను కనుగొనెను. నాలుగేండ్లలోనే వానిని పంటివేరు వైద్యమునకు వినియోగించుట మొదలైనది. అంతవరకు వైద్యుడు చీకటిలో తడుముకొనుచుండెను. ఇప్పుడు పూడిక వేరు కొనవరకు చేరెనో లేదో కనబడసాగెను. దానితోపాటు, పూర్వము వైద్యము చేసిన పండ్లక్రింద ఎముక కరగిన నీడలును బయటపడినవి.

సరిగా ఆ కాలముననే, 1910లో, విలియం హంటర్ అను ఆంగ్ల వైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఉపన్యసించుచు, చీము పట్టిన వేళ్లపై బంగారు తొడుగులు వేయుటను తీవ్రముగా ఖండించెను. నోటిలోని చీమే కీళ్లవాతము మొదలగు పెక్కు రోగములకు మూలమను వాదము వ్యాపించెను. 1923లో వెస్టన్ ప్రైస్ గ్రంథములు దానికి బలము చేకూర్చినవి. తత్ఫలితముగా వైద్యము జరిగిన పన్ను కనబడినచో పీకివేయుట ఆచారమయ్యెను. మరల తెరచి బాగుచేయవచ్చునను ఆలోచనకే తావు లేకపోయెను.

కాని రోగము కుదిరెనా? 1938లో సెసిల్, యాంజెవిన్ అను వైద్యులు 200 మంది కీళ్లవాత రోగుల వృత్తాంతమును పరిశీలించి, పండ్లు తీసివేయుట వలన చెప్పుకొనదగిన మేలు కలుగలేదని తేల్చిరి. ప్రైస్ ప్రయోగములును తరువాతి పరీక్షలకు నిలువలేదు. పన్ను నిలుపుటయే ధ్యేయముగా గల వైద్యులు 1943లో అమెరికాలో ఒక సంఘముగా నేర్పడిరి.

అయినచో మొదటి వైద్యమేల విఫలమగును? జ్యూరిచ్ నగరపు వాల్టర్ హెస్ పంటివేళ్ల లోపలి మార్గములకు అచ్చులు పోసి చూపెను. 1925లో ఆంగ్లమున వెలువడిన ఆ పరిశోధన, వేరులోని దారి నిటారైన గొట్టము కాదని, శాఖలుగా చీలిన సన్నని కాలువల అల్లిక యని వెల్లడించెను. పైదవడలోని మొదటి పెద్ద దంతమునకు వేళ్లు మూడే యైనను, కాలువలు తరచుగా నాలుగుండును. ఆ నాలుగవది కంటబడకున్న అందు సూక్ష్మజీవులు మిగులును. 1965లో కాకెహాషి మొదలగువారు ఎలుకల పండ్ల గుజ్జును తెరచి చూడగా, సూక్ష్మజీవులున్న ఎలుకలలో గుజ్జు చచ్చెను. అవి లేకుండ పెంచిన ఎలుకలలో గాయము మానెను. దోషము పంటిది కాదు, అందు మిగిలిన క్రిములది యని దీనివలన స్పష్టమైనది.

పునర్వైద్యమునకు ఆధారమిదియే. తొడుగును దాటి, పాత గట్టాపర్చాను వేడిమితోను, ద్రావకముతోను, ఆకురాళ్లతోను తీసి, తప్పిపోయిన కాలువను వెదకి, క్రిమిసంహారక ద్రవముతో కడిగి, మరల పూడ్చుదురు. 1988లో మొదలుకొని ప్రయోగములకు వచ్చిన నికెల్-టైటానియం ఆకురాళ్లు వంకరవేళ్లలో వంగుచు పోగలవు. శస్త్రవైద్యపు సూక్ష్మదర్శిని, మూడు కొలతలలో చూపు ఎక్సురే చిత్రము ఈ పనిని సుకరము చేసినవి.

అయినను ప్రతి పన్నును నిలుపవచ్చునని చెప్పుట తగదు. వేరు నిలువున చీలినచో పీకుటయే గతి. లోపలినుండి చేరరానిచో, చిగురు తెరచి వేరు కొనను కోయు శస్త్రచికిత్స మరియొక మార్గము. కావున పాత వైద్యము జరిగిన పన్ను బాధించినప్పుడు, లవంగనూనెతో నొప్పిని అణచి కాలము గడుపక, వేరు చీలినదా, కాలువ యేదైన తప్పినదా, పైతొడుగు సందున ఉమ్మి దిగుచున్నదా అని వైద్యుని అడిగి తెలిసికొనుట మంచిది. ఒక తరమువారు ఈ ప్రశ్నలు వేయకయే తమ పండ్లను పోగొట్టుకొనిరి.