ఉద్దానం నీళ్లూ, రేడాన్ అనుమానమూ

ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య పల్లెలు దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్నాయి. తప్పు నీళ్లదేనన్న నమ్మకం జనంలో గట్టిది. ఆ నీళ్లలో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువును అనుమానించడానికీ కారణం ఉంది. భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ దొరుకుతుంది. నేల నీటిలో రేడియోధార్మిక వాయువు ఉంటుందని జె.జె. థామ్సన్ వందేళ్ల కిందటే గుర్తించాడు. అయినా ఈ నేరం రేడాన్ మీద మోపలేం. థోరియం నుంచి పుట్టే వాయువు నిమిషంలోపే సగమైపోతుంది, బిందె దాకా రాదు. యురేనియం నుంచి పుట్టే రేడాన్‌కు 3.8 రోజుల అర్ధాయువు ఉంది, కానీ నీళ్లు తోడి పోస్తుంటేనే చాలావరకు గాలిలో కలిసిపోతుంది. అది ముఖ్యంగా దెబ్బతీసేది ఊపిరితిత్తులను. నీటి రేడాన్ వల్ల వచ్చే క్యాన్సర్ మరణాల్లో సుమారు 89 శాతం వాటివేనని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1999లో లెక్కగట్టింది.

మరి యురేనియం మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అది రసాయనంగానే కిడ్నీని గాయపరచగలదు, గాలికి ఎగిరిపోదు. అందుకే బోరు నీళ్లలో వెతకవలసింది యురేనియాన్ని, అలాగే కిడ్నీని దెబ్బతీస్తాయన్న అనుమానమున్న సిలికాను, ఫ్లోరైడును. 2023 డిసెంబరులో ప్రారంభమైన తాగునీటి పథకం హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెస్తోంది. నది నీటిలో రేడాన్ నామమాత్రమే. కానీ పాత బోర్ల నీళ్లు తాగిన తరానికి మాత్రం పరీక్షలు, డయాలసిస్ ఇంటికి దగ్గరలోనే అందాలి.