పరదా వెనక పేరు

1991 జనాభా లెక్కలప్పుడు నాకు పదేళ్లుంటాయి. ఉరవకొండలో మా వీధికి లెక్కలు రాసేందుకు వచ్చింది మా బడి సారే. నాన్న సంతకు పోయినాడు. మా నానీ తలుపు చాటున పరదా పట్టుకుని నిలబడింది. "అవ్వా, నీ పేరు చెప్పల్ల" అన్నాడు సారు. "నా పేరుతో సర్కారుకేం పని సారూ? ఇంట్లో ఏడుమందిమి ఉండాము, రాసుకో" అంది నానీ. సారు నవ్వి, ఇంటి పెద్ద తల్లి అని రాసుకుని పోయినాడు. చదువురాని ముసలామె మొండితనమని ఆ రోజు నాకు సిగ్గేసింది.

జర్నలిస్టునయ్యాక ఒకరోజు 1948 నాటి జనాభా లెక్కల చట్టం చదువుతుంటే నానీ గుర్తుకొచ్చింది. ప్రభుత్వం అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలని, చెప్పకుంటే జరిమానా అని ఆ చట్టం ఎనిమిదో సెక్షన్ మొదలుకొని చెబుతుంది. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఇంట్లో ఆడవాళ్ల పేర్లు చెప్పాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. భర్త పేరు గానీ, ఆచారం ప్రకారం నోట పలకకూడని మరెవరి పేరు గానీ చెప్పాలన్న నిర్బంధం ఆడమనిషికి లేదు. అంటే నానీ చట్టాన్ని ధిక్కరించలేదు, చట్టంలోపలే నిలబడింది. పరదా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, ఆ చర్చ మా ఇళ్లలో మేం చేసుకుంటూనే ఉన్నాం. సర్కారు గడప దగ్గర ఆగాల్సిన చోటు ఒకటుందని 1948లో చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది అంతే.

ఈ సీమకు సర్వేలు కొత్త కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి అప్పగించాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలం పొలం కొలిపించాడు. ఆ కొలత శిస్తు కోసం. 1871లో మద్రాసు రాజధానిలో తలల లెక్క మొదలైతే కొత్త పన్నులకే వచ్చారేమోనని జనం భయపడ్డారంటే, ఆ భయం వెనక డెబ్బై ఏళ్ల అనుభవం ఉంది. కానీ ఆ లెక్కే ఇంకో పని కూడా చేసింది. 1876-78 మహా కరువు తర్వాత 1881లో మళ్లీ లెక్కబెడితే, అప్పటికి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న బళ్లారి జిల్లాలో జనం తగ్గిపోయి కనిపించారు. కరువుకు పోయినవాళ్లకు గోరీలు లేవు, సమాధులు లేవు. వాళ్లు ఒకప్పుడు ఉండేవాళ్లని చెప్పే సాక్ష్యం ఆ రెండు లెక్కల మధ్య తేడా ఒక్కటే.

కాబట్టి లెక్క వద్దనే హక్కు మనకు లేదు, ముఖ్యంగా ముస్లింలకు లేదు. 2006లో సచార్ కమిటీ మన పేదరికాన్ని దేశం ముందు పెట్టగలిగింది 2001 జనాభా లెక్కలు, జాతీయ నమూనా సర్వేలు ఉండబట్టే. ఈ రాష్ట్రంలో 2004 నుంచి ముస్లిం రిజర్వేషన్ల మీద కోర్టుల్లో నడిచిన వాదనల్లోనూ, వెనకబడినట్టు ఆధారమేదని అడిగారు. మనల్ని లెక్కపెట్టకపోతే మనం లేనట్టే.

మరి భయం దేనికి? జనాభా లెక్క అంకెలు ఇస్తుంది. ఎవరింట్లో ఎవరున్నారో రాసిన కాగితాన్ని బయటివాళ్లెవరూ చూడకూడదని, కోర్టులో సాక్ష్యంగా వాడకూడదని అదే చట్టం పదిహేనో సెక్షన్ అంటుంది. రహస్యం బయటపెట్టిన ఉద్యోగికి శిక్ష కూడా ఉంది. జాతీయ జనాభా రిజిస్టరు సంగతి అట్లా కాదు. అది పౌరసత్వ చట్టం కింద, 2003 నిబంధనల ప్రకారం తయారయ్యేది. అందులో మనిషి పేరు పేరుగానే మిగులుతుంది. 2010లో ఇళ్ల లెక్కతోపాటే ఆ రిజిస్టరు కూడా రాసుకుపోయారు. వచ్చిన మనిషి ఒకరే, కాగితాలు రెండు, చట్టాలు రెండు. మా వీధిలో ఆ తేడా ఎంతమందికి తెలుసు? 2020లో దానికి అమ్మానాన్నలు ఎక్కడ, ఎప్పుడు పుట్టారన్న ప్రశ్నలు చేరేసరికి అందరికీ తెలిసివచ్చింది. కరువుకు ఊళ్లు మారిన కుటుంబాల్లో తండ్రి పుట్టిన తేదీ ఎవరి దగ్గరుంటుంది? ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ శాసనసభే పాత ప్రశ్నలకు వెళ్లాలని తీర్మానం చేసింది. కరోనా వచ్చి ఆ పని ఆగింది.

ఇక రాష్ట్ర ప్రభుత్వాల సర్వేలున్నాయి. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సెలవు ప్రకటించి ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. వివరాలు ఇవ్వడం తప్పనిసరి కాదని హైకోర్టులో చెప్పింది ప్రభుత్వమే. కానీ పేరు లేకపోతే రేషన్ పోతుందేమోనని బతుకుదెరువుకు పోయినవాళ్లు బస్సులెక్కి సొంతూళ్లకు పరుగెత్తారు. చట్టంలో లేని నిర్బంధాన్ని ఆకలి తెచ్చిపెట్టింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాసాధికార సర్వే ట్యాబులతో, ఆధార్‌తో ఇల్లిల్లూ తిరిగింది. 2019 నుంచి 2024 దాకా యాభై ఇళ్లకొక వాలంటీరు ఉండేవాడు. పింఛను తెచ్చిచ్చే పిల్లవాడి దగ్గర ఏం దాచగలం? 2018లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 30 వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బయటపడ్డాయి. అందులో కులం వారీగా, మతం వారీగా కూడా ఇళ్లను వెతకడానికి వీలుండేదని పత్రికలు రాశాయి. ఇల్లు కావాలని అర్జీ పెట్టుకున్న సాయిబు, తన ఇల్లు సాయిబు ఇల్లని లోకానికి చాటినట్టయింది.

ఇది మా అనుమాన జబ్బు అనే మిత్రులకు ఒక సంగతి చెప్పాలి. హాలెండులో యుద్ధానికి ముందు జనాభా రిజిస్టర్లలో మతం కూడా రాసేవారు, ఎవరికీ కీడు తలపెట్టి రాసింది కాదు. నాజీలు వచ్చాక యూదుల ఇళ్లు వెతికిపట్టుకోవడానికి ఆ రిజిస్టర్లే పనికొచ్చాయి. 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ కార్యాలయానికి నిప్పు పెట్టిన ప్రతిఘటన యోధుల్లో పన్నెండు మందిని కాల్చి చంపారు. జాబితా రాసిన ప్రభుత్వం, దాన్ని వాడుకునే ప్రభుత్వం ఒకటే కానక్కర్లేదు. ఈ మాట ముస్లింలకే కాదు, ఎవరికైనా వర్తిస్తుంది.

అయినా మా సీమ మనుషులు ఆ గడుల్లో ఇముడుతారా? గూగూడు కుళ్లాయిస్వామి పీర్లకు మొక్కుకుని కొడుక్కి కుళ్లాయప్ప అని పేరు పెట్టుకున్న హిందువులున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లున్నారు. పేరు చూసి మతం, మతం చూసి భాష రాసుకుపోయే సర్వే ఈ మనుషుల్ని చెరిపేస్తుంది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం మాత్రం, ప్రభుత్వం తన సంస్థలకు తానే మినహాయింపు ఇచ్చుకునే దారి ఉంచుకుంది. ఇప్పుడు 2027 మార్చి 1 ప్రాతిపదికగా కొత్త జనగణన ప్రకటించారు. అందులో కులం కూడా అడుగుతారు. తలుపు తీద్దాం, నిజమే చెబుదాం. చెప్పేముందు మాత్రం అడుగుదాం: ఇది ఏ చట్టం కింద? చెప్పకపోతే ఏమవుతుంది? ఈ వివరం ఇంకెవరి చేతికి పోతుంది? రేషన్‌కూ దీనికీ సంబంధం లేదని రాసిస్తారా? ఈ ప్రశ్నలు మా గడపలో మేం ఒక్కరమే అడిగితే అనుమానిస్తారు. పక్కింటి రెడ్డీ, ఎదురింటి మాదిగా, చేనేత పద్మశాలీ కూడా అడిగితే అది హక్కవుతుంది.

కొన్నేళ్ల కిందట ఇంకో సర్వేకు వచ్చిన అబ్బాయి మా అమ్మను వేలు పెట్టమన్నాడు. శెనక్కాయలు ఒలిచి ఒలిచి అరిగిన వేలు, మిషను పట్టలేదు. "ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు. ఆమె పెట్టింది, మళ్లీ పెట్టింది. దేనికని అడగలేదు. పరదా లేదు, పేరు చెప్పడానికి సిగ్గూ లేదు, ఆ మాటకు నాకు సంతోషమే. కానీ నానీ అడిగిన ప్రశ్న మాత్రం అమ్మ అడగలేదు. అది మనం అడగాలి.